ఎవరో ఒకరు కాదనాలి

ఛార్జరు ఇచ్చేసి వెళ్ళిపొమ్మంది కూతురు. ఇచ్చేసింది గానీ వెళ్ళలేదు తల్లి. వెళ్దామనే లేచింది, లేచాక మోకాళ్ళు ఒక్క నిమిషం ఆగమన్నాయి, నాలుగంతస్తులు ఎక్కి వచ్చిన మోకాళ్ళు, వాటి మాటా వినాలి కదా అని ఈ నీలం కుర్చీలో చతికిలబడింది, చతికిలబడ్డాక చూస్తే సరిగ్గా ఎదురుగా ఆ గది. నాలుగు వైపులా అద్దాలే. లోపల ఎవరు తుమ్మినా కనిపిస్తుంది, ఎవరేమన్నా వినపడదు. ఇలాంటి గది కట్టించినవాడికి పిల్లలుండి ఉండరు, ఉంటే కట్టించడు అనుకుంది. పది దాటి ఐదు నిమిషాలు. పదకొండుకల్లా అయిపోతుందని చెప్పింది పిల్ల. గంట. గంటలో ఏమైనా జరగొచ్చు, లోకంలో చెడ్డవన్నీ గంటలోపే జరిగిపోతాయి, మంచివాటికే ఏళ్ళు పడుతుంది. లిఫ్టులో వెళ్ళండమ్మా, ఇది లిఫ్టులు బాగుచేసే కంపెనీయే కదా, మా లిఫ్టు మీరు ఎక్కకపోతే ఎలా అని కింద కాపలా అతను నవ్వాడు. బాగుచేయడానికి ఇంత పెద్ద కంపెనీ కావాల్సి వచ్చిందంటే అవి ఎంతగా పాడవుతాయో చూసుకో నాయనా అని చెప్పి మెట్లే ఎక్కింది తను. ఒక్కో మలుపులో గోడ పట్టుకుని, సంచిలో ఛార్జరు ఉందో లేదో తడిమి చూసుకుని, ఉందని తెలిసి, మళ్ళీ తడిమి. ఛార్జరు ఇంట్లో మర్చిపోవడం శకునం కాదని ఆయన అన్నాడు. ఆయనకేం, ఆయన అన్నీ కాదనే అంటాడు. నీకు భయపడటానికి ఏమీ దొరక్కపోతే అదే ఒక భయం నీకు అంటాడు. అయితే మెడలో వేసుకోమని ఇచ్చిన ఈ చీటీ మీద 'సందర్శకురాలు' అని ఎందుకు రాశారు, వచ్చి పోయేదాన్ని అనేగా, ఎవరైనా వచ్చి అమ్మా మీ సమయం అయిపోయింది లేవండి అంటే ఏం చెప్పాలి. మోకాళ్ళు అని చెప్పాలి. అది అబద్ధం కూడా కాదు.

గదిలో ఐదుగురు. బల్లకి ఆ కొసన తెల్లజుట్టు పెద్దమనిషి, కంపెనీ యజమాని ఆయనే, కూర్చున్న తీరులోనే తెలుస్తోంది. ఆయన పక్కన పాలిపోయిన ఆకుపచ్చ చొక్కా తొడుక్కున్న పెద్ద వయసు మెకానిక్కు, ఒళ్ళో సంచి పెట్టుకుని, సంచి మీద రెండు చేతులూ పెట్టుకుని. ఇటువైపు ఫోన్ల గదికి పెద్దావిడ, ఊళ్ళో ఎక్కడ లిఫ్టు ఆగినా ముందు తిట్లు తినేది ఆవిడేనట. కిటికీ పక్కన బట్టతలాయన, ఆయన వీళ్ళ మనిషి కాదు, కూతురి పైఅధికారి, సలహాల కంపెనీలో. నిలబడి ఉన్నది కూతురు. అంతమంది కూర్చుంటే ఈ పిల్ల ఒక్కతే నిలబడాలి, అదీ ఈ ఉద్యోగం. ముందు ఉద్యోగంలో ఎనిమిదేళ్ళు కూర్చునే చేసింది, కంప్యూటరు ముందు, ప్రోగ్రాములు రాసుకుంటూ, అందరూ ఇంజనీరమ్మా అనేవాళ్ళు, ఎవరి జోలికీ పోకుండా ఎవరి చేతా మాట పడకుండా హాయిగా ఉండేది, ఉన్నట్టుండి మళ్ళీ చదువుతానంది. మేనేజిమెంటు. చదివింది. చదివి, ఆ ఉద్యోగం వదిలేసి, ఇందులో చేరింది. ఇదేం పనే అంటే, కంపెనీలవాళ్ళు మా పని సరిగా సాగట్లేదు, ఎందుకో చూసి చెప్పండి అంటే వెళ్ళి చూసి చెప్పడమమ్మా అంది. పక్కింటావిడకి అదే చెప్పింది తను, ముందు కంప్యూటరుకి చెప్పేది, ఇప్పుడు మనుషులకి చెబుతోందని. మనుషులు వింటారా వదినా అని అడిగింది ఆ మహాతల్లి. ఆ ఒక్క మాట ఐదు నెలలుగా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. ఐదు నెలలు అయ్యాయి, ఆరో నెల దాకా పరీక్షకాలం, ఇవాళ్టి మీటింగు చూసి చెబుతాను అన్నాడట ఆ బట్టతలాయన, ఉంచుకుంటామో లేదో. అలాంటి మాట ఏ తల్లి కన్న పిల్లతో అనొచ్చు మనిషన్నవాడు?

పిల్ల చెవి తమ్మె పట్టుకుంది. ఇంకా చెప్పలేదన్నమాట. చెప్పలేని మాట నోటి దాకా వచ్చినప్పుడల్లా చెవి పట్టుకుంటుంది, మూడేళ్ళప్పటి నుంచీ అంతే, గ్లాసు పగలగొట్టినా అంతే, ఈ సంబంధం నాకొద్దు అన్నప్పుడూ అంతే, అందుకే ఆ ఎడమ చెవి కొంచెం సాగినట్టు ఉంటుందని ఆయన ఏడిపిస్తాడు. బోర్డు మీద గీతలు గీస్తోంది. చిన్న చిన్న గళ్ళు, గళ్ళ మధ్య బాణాలు. లోపలివాళ్ళు చూస్తున్నారు. ఉలుకూ పలుకూ లేదు. ఇక్కడే తనకి తికమక. ముందు ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇంట్లో కూర్చుని పనిచేస్తుంటే వెనక నిలబడి అడిగేది, ఏమైందే, ఏమీ రావట్లేదేం తెర మీద అని. ఏమీ రాకపోతేనే మంచిదమ్మా, తప్పుంటే అరుస్తుంది అనేది పిల్ల. సరే, నిశ్శబ్దం మంచిదని నేర్చుకుంది, కష్టపడి నేర్చుకుంది. ఇందులో చేరాక అంతా తలకిందులు. ఎవరూ ఏమీ అనకపోతే పని చెడ్డట్టేనట. చాలా బాగుందండీ, థాంక్యూ అండీ అని తలలూపి పంపించేశారంటే ఇక ఆ కాగితాలు అటక మీదికే, వాళ్ళు అనుకున్నదే వాళ్ళు చేసుకుంటారు. అడ్డం తిరిగి అడగాలి, కాదనాలి, నీకేం తెలుసు అనాలి, అప్పుడు వాళ్ళ మనసులోకి వెళ్ళినట్టు లెక్క. ఇదెక్కడి గోలరా తండ్రీ, ఎనిమిదేళ్ళు ఒక రకం భయం నేర్పించి ఇప్పుడు దాన్ని తిరగేసి తొడుక్కోమంటే ఎలా. మొన్నొక రోజు అన్నం తింటూ, అందరూ బాగుందన్నారమ్మా అని దిగాలుగా చెప్పింది. బాగుందంటే ఏడుస్తావేంటి అని తను. ఆయన మాత్రం అర్థమైనట్టు తలాడించాడు, ఆయనకి అర్థం కాకపోయినా తలాడిస్తాడు.

ఆ మెకానిక్కు సంచి కదిపాడు. ఆ సంచిలో ఫోన్లున్నాయి. ఎన్నున్నాయో తనకి తెలుసు, ఇంట్లో చెప్పింది పిల్ల, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని మరీ. పదకొండు రోజులు తిరిగింది మెకానిక్కుల వెంట, వ్యాన్లో, మెట్ల మీద, లిఫ్టు గుంతల్లో, చదువుకున్న పిల్ల నూనె మరకల బట్టలతో ఇంటికొస్తే ఆ మరకలు రుద్దుతూ తను లెక్కపెట్టుకునేది, తాడు తెగితే, తలుపు మూసుకుంటే, పైవాడు కిందవాడిని చూసుకోకపోతే. మూడో రోజున ఈయన సంచిలో కంపెనీ ఇచ్చిన ఫోన్లు నాలుగు కనిపించాయట. నాలుగెందుకు బాబాయ్ అంటే, ఒకటి నాది, మూడు మనవాళ్ళవి అన్నాడట తాపీగా. సంగతేమిటంటే, ఎక్కడైనా లిఫ్టు ఆగితే కంప్యూటరు చూస్తుంది, దగ్గరలో ఎవరి ఫోను ఉందో, ఆ మనిషికి పని పడేస్తుంది. ఒక ఫోనుకి ఒకసారి ఒకటే పని. ఈయన ఉండే పేటలో లిఫ్టులన్నీ ఆయన చేతిలో పెరిగినవి, శబ్దం వింటే చెబుతాడు ఏ పక్క ఏ చక్రం అరిగిందో. ఈయన ఒకదాని దగ్గర ఉండగా పక్క వీధిలో ఇంకోటి ఆగితే, దాని మొహం ఎరగని కుర్రమెకానిక్కుకి వెళ్తుంది ఆ పని, వాడు అరపూట తడుముకుంటాడు. అందుకని పొద్దున్నే నలుగురూ కలిసి, ఇవాళ ఎవరి పేటలో గోల ఎక్కువుందో చూసుకుని, ఆ మనిషి సంచిలో ఫోన్లన్నీ పడేస్తారు. మిగతావాళ్ళు సొంత ఫోన్లతో మాట్లాడుకుని ఎవరి లిఫ్టుకి వాళ్ళు పోతారు. పని బ్రహ్మాండంగా జరుగుతోంది. కంప్యూటరు మాత్రం ఏం చూస్తోంది? నలుగురు మనుషులు ఒక్క లిఫ్టు దగ్గర రెండేసి గంటలు నిలబడి ఉన్నారని. యజమానికి అదే కనిపిస్తుంది, కబుర్లు చెప్పుకుంటున్నారని మండిపడి, వీళ్ళని ఇంకా గట్టిగా కనిపెట్టే పెద్ద ప్రోగ్రాము కొందామని, ఏది కొనాలో చెప్పమని ఈ సలహాలవాళ్ళని పిలిచాడు.

అంతవరకూ బాగానే ఉంది. మెకానిక్కుల పేర్లు బయటపెట్టనని మాటిచ్చిందట, అదీ బాగుంది. కానీ ఆరో రోజునో ఏడో రోజునో ఇప్పుడు పనులు పంచుతున్న ఆ ప్రోగ్రాము లోపల ఎలా ఉందో చూద్దామని తెరిచిందట, తెరిచి చూస్తే, ఆ రాత ఈ పిల్లదే. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఏ కంపెనీకో కూడా తెలియకుండా, కట్టమన్న ఇటుక కట్టినట్టు ఓ ముక్క రాసిచ్చిందట, ఆ ముక్క చేతులు మారి మారి ఇక్కడ తేలింది. చూడగానే గుర్తుపట్టానమ్మా అంది, నిన్న సాయంత్రం బట్టలు మడతపెడుతూ. ఎలా గుర్తుపట్టావే అంటే, నువ్వు కుట్టిన చొక్కా నువ్వు గుర్తుపట్టవా అంది. ఫోను ఉన్నచోట మనిషి ఉంటాడనుకుని రాశానమ్మా, దగ్గరున్నవాడే మంచివాడని రాశాను, అప్పుడు లిఫ్టు మెకానిక్కు అనేవాణ్ణి నేను కళ్ళతో కూడా చూడలేదు. రేపు ఆ మాటే చెబుతాను, వాళ్ళ తప్పు కాదు, రాసింది నేను అని. తన చేతిలో దిండు గలీబు అలాగే ఉండిపోయింది.

"నీ పేరుందా దాని మీద?"

"లేదు."

"మరి నోరు మూసుకో."

"లేదు కాబట్టే చెప్పాలమ్మా. నేను చెప్పకపోతే ఆ ఫోన్లవాళ్ళే దొంగలవుతారు."

ఎవరి పోలికో. తన పోలిక మాత్రం కాదు, తన పోలికైతే దాచేది. తను దాచింది. బడిపిల్లల చొక్కాలు, నలభై రెండు, ఎనిమిదో తరగతితో చదువాపేసి కుట్టుమిషన్ ముందు కూర్చున్న చెయ్యి ఏనాడూ తప్పలేదు, ఆ ఒక్కసారి జేబు కాగితం బోర్లా పెట్టి గుర్తులు వేసింది, నలభై రెండు జేబులూ కుడి పక్కన కుట్టేసింది. శనివారం పొద్దున ఇస్త్రీ చేస్తుంటే తెలిసింది. బడికి వెళ్ళి పెద్ద పంతులమ్మతో పొరపాటైందని ఒక్క ముక్క చెబితే రెండు రోజులు గడువిచ్చేదే, మంచి మనిషి. చెప్పలేదు. తలుపు గడియ పెట్టుకుని శని, ఆదివారాలు కూర్చుని ఒక్కో కుట్టూ విప్పింది, తొమ్మిదేళ్ళ ఈ పిల్ల పక్కన కూర్చుని దారప్పోగులు ఏరుతూ, ఎందుకమ్మా చెప్పవు, కొడతారా అని అడిగింది. కొట్టరు. మరెందుకు. ఎందుకో తనకీ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. విప్పిన చోట బట్ట మీద సూది బెజ్జాలు సన్నగా కనిపిస్తూనే ఉన్నాయి, ఏడాది పొడుగునా బడి ముందునుంచి వెళ్ళినప్పుడల్లా పిల్లల మొహాలు చూడకుండా వాళ్ళ చొక్కాల కుడి పక్కే చూసేది తను. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనకపోవడమంత బరువు ఇంకోటి లేదు. అది తెలిసి కూడా నిన్న పిల్లని నోరు మూసుకోమంది.

లోపల పిల్ల చెవి వదిలేసింది. చెయ్యి కిందికి రావడం చూసింది తల్లి, వచ్చి గుండెల మీద ఆగింది, అరచెయ్యి మొత్తం ఆనించి, నేను అన్నట్టు. చెప్పేసింది. పదీ నలభై. వచ్చినవాళ్ళని పలకరించే ముందు బల్ల దగ్గరి అమ్మాయి మంచినీళ్ళు కావాలా ఆంటీ అని అడిగింది, వద్దమ్మా అంది, నోట్లో తడి లేదు, అయినా వద్దంది, తాగడానికి తలెత్తితే ఆ గది కంటికి ఆనదు. లోపల ఎవరూ కదలట్లేదు. యజమాని పిల్ల మొహంలోకే చూస్తున్నాడు. బట్టతలాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. చెబితే చెప్పుకో, చెప్పాక నిలబడేది మాత్రం నువ్వొక్కదానివే అన్నాడట నిన్న, అన్నట్టే కూర్చున్నాడు. తర్వాత యజమాని తలూపాడు. ఒకసారి. మళ్ళీ. మెల్లగా, మర్యాదగా. వద్దు నాయనా, ఊపకు. ఫోన్లావిడా ఊపింది. గంగిరెద్దుల్లా వరసగా ఊపుతున్నారేమిటి వీళ్ళు, అయిపోయింది, ఇప్పుడు థాంక్యూ అంటారు, చాలా బాగా చెప్పావమ్మా అంటారు, కరచాలనం చేస్తారు, పెద్ద ప్రోగ్రాము కొంటారు, ఆ బట్టతలాయన కారులో ఎక్కించుకుని దారిలో చెబుతాడు, ఇంక రానక్కర్లేదని, పాత ఉద్యోగంవాళ్ళు తీసుకోరు, వేరేవాళ్ళు తప్పులు రాసే పిల్ల అంటారు, పిల్ల గదిలో తలుపేసుకుంటుంది, అన్నం మానేస్తుంది, చిక్కిపోతుంది. ఎవరైనా ఒక మాట అనండి. కోప్పడండి. మా పిల్లని తిట్టండి, పడుతుంది, మొండిది. ఇన్నేళ్ళలో బడికి పంపినా, కాలేజీకి పంపినా, ఉద్యోగానికి పంపినా, దేవుడా ఎవరూ దాన్ని ఒక్క మాట అనకుండా చూడు అనే తప్ప తను ఇంకోటి కోరుకోలేదు. ఇప్పుడు కుర్చీ చేతులు పట్టుకుని కోరుకుంటోంది, ఎవరో ఒకరు కాదనాలి, ఎవరో ఒకరు, దేవుడికి కూడా తికమకగా ఉండి ఉంటుంది, ఈవిడకి ఏమైందని.

మెకానిక్కు లేచాడు. వెళ్ళిపోతున్నాడనుకుంది. సంచి నోరు విప్పి, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఫోన్లు బల్ల మీద పేర్చాడు, పిల్లలకి భోజనం వడ్డించినట్టు వరసగా. ఎవరూ అడగలేదు, పిల్ల చెప్పమనలేదు, పైగా వద్దన్నట్టు చెయ్యి కూడా చాచింది, ఆయన ఆ చేతిని చూడనట్టే కూర్చున్నాడు. అంతే, ఫోన్ల గదావిడ కుర్చీ వెనక్కి తన్నుకుని నిలబడింది. కుర్చీ చక్రాల మీద పోయి అద్దానికి కొట్టుకుంది, ఆ చప్పుడు మాత్రం ఇవతలికి వినిపించింది, ప్రాణం పైకి పోయి కిందికి వచ్చింది తల్లికి. ఆవిడ చెయ్యి ఊపుతోంది. ఫోన్ల వైపు, యజమాని వైపు, పిల్ల వైపు. పిల్ల చేతిలో పెన్ను లాక్కుంది. లాక్కుని, ఇంతసేపూ ఒద్దికగా గీసిన గళ్ళ మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. యజమాని ఏదో అన్నాడు, ఆవిడ ఆయన్నీ వదల్లేదు. సరిగ్గా అప్పుడే ముందు బల్ల అమ్మాయి నీళ్ళ సీసాలు పట్టుకుని తలుపు తెరిచింది, గదిలోని మాట ఒక్క గుక్క బయటికి పడింది.

"ఆరేళ్ళ నుంచీ చెబుతున్నానండీ ఇది తప్పని, ఎవరు విన్నారు? ఇవాళ రాసిన పిల్లే వచ్చి చెబితే గానీ మీ చెవికెక్కలేదు. అమ్మాయ్, నువ్వు ఇప్పుడు గీసింది కూడా సగం తప్పే. ఒక లిఫ్టుకి ఒక్క మనిషిని రాసేస్తే, వాడికి జ్వరమొస్తే నేనేం చెయ్యాలి, నేను వెళ్ళి ఎక్కనా?"

తలుపు మూసుకుంది. మాట తెగిపోయింది గానీ బొమ్మ ఆగలేదు. పిల్ల నవ్వుతోంది, పెదవి కొరుక్కుని, తిట్లు తింటూ నవ్వకూడదని తెలిసి ఆపుకుంటూ. మెకానిక్కు వేళ్ళు చూపిస్తున్నాడు, రెండు, లిఫ్టుకి ఇద్దరు అనేమో. యజమాని తల అడ్డంగా ఊపుతున్నాడు, అబ్బ, ఎంత అందంగా ఊపుతున్నాడు అడ్డంగా. కోటు విప్పి కుర్చీ వీపుకి తగిలించాడు, కాసేపు ఉండదలుచుకున్నవాడు చేసే పని అది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, వినడానికి ఒక్కరూ ఉన్నట్టు లేరు, మంచి సందడిగా ఉంది. బట్టతలాయన ఇంకా కిటికీ దగ్గరే. ఆయన లేవాలి. ఆయన లేవకపోతే మిగతావాళ్ళు ఎంత అరుచుకున్నా ఏం లాభం అనుకుంటుంటే, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు, లేచాడు, బోర్డు దాకా నడిచాడు, పిల్ల పక్కన నిలబడి ఫోన్లావిడ కొట్టేసిన గీత వైపు వంగి చూశాడు, చూసి, ఇంకో పెన్ను కోసం బల్ల మీద వెతికాడు. పిల్ల తీసి ఇచ్చింది. తల్లి కుర్చీ చేతులు వదిలింది. అరచేతుల్లో కుర్చీ అంచు అచ్చు పడి ఉంది. నీళ్ళు ఇంకా ఉన్నాయా అమ్మా అని అడిగింది ముందు బల్ల అమ్మాయిని. సీసా ఎత్తి సగం తాగింది. చల్లగా ఉన్నాయి, గొంతు పట్టేస్తుందేమో, పడితే పట్టింది.

పదకొండుంపావుకి పిల్ల బయటికి వచ్చింది, మణికట్టు దాకా నల్ల సిరా పూసుకుని, జుట్టు రేగి, బడి వదిలినప్పటి మొహంతో. తల్లిని చూసి ఆగిపోయింది.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావా?"

"మోకాళ్ళే, అమ్మలూ."

"ఇంకో గంట పడుతుందమ్మా. అంతకంటే ఎక్కువే పడుతుందేమో. ఒప్పుకోవట్లేదు. ఒక్కరు కూడా ఒప్పుకోవట్లేదు." ఆ చెప్పడం ఎలా ఉందంటే, పరీక్షలో మొదటొచ్చానని కూడా ఈ పిల్ల ఇంత సంబరంగా చెప్పలేదు.

ఉద్యోగం సంగతి అడుగుదామని నోరు తెరిచింది. పెద్ద ప్రోగ్రాము మాట మళ్ళీ ఎత్తాడా యజమాని అని, ఆ బట్టతలాయన ఏమన్నాడని, పొద్దున తిన్నదానికి ఆకలేయట్లేదా అని, నాలుగు ప్రశ్నలు వరసలో నిలబడ్డాయి, నాలుగూ ఒకదాన్నొకటి తోసుకుంటుండగా అద్దం వెనక చప్పుడు సన్నబడినట్టు అనిపించింది, ఫోన్లావిడ కూర్చోబోతోంది, యజమాని గడియారం వైపు చూశాడు. తల్లి గబుక్కున కుర్చీలోంచి లేచింది. కూతురి రెండు భుజాలూ పట్టుకుని తలుపు వైపు తిప్పేసింది.

"నువ్వు వెళ్ళు ముందు లోపలికి. నువ్వు లేవని పోట్లాట ఆపేస్తారేమో."